కొండంత చెట్టుకు నీళ్లు ఎక్కించేదెవరు?

“ఇంత ఎత్తుకు నీళ్లెట్ల ఎక్కుతున్నయి బిడ్డా?”

బోరుబావి కింద సేద్యం చేసిన మనిషిని ఒక మహావృక్షం మొదట్లో నిలబెడితే, మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూశాక అతను అడిగే మొదటి ప్రశ్న ఇదే. తెలంగాణ పల్లెల నుంచి కాలిఫోర్నియాలోని పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకు ఇప్పుడు ఇలాంటి చెట్లను చూసే అవకాశం దొరుకుతోంది. శాన్‌ఫ్రాన్సిస్కోకు దగ్గర్లోని మ్యూర్ వుడ్స్ అడవికి ఒక పూటలో వెళ్లి రావచ్చు. ఇంకాస్త ఓపిక ఉన్నవాళ్లు నాలుగైదు గంటలు కారులో ప్రయాణించి సియెర్రా నెవాడా కొండల మీది సికోయా జాతీయ వనానికి వెళతారు. 1890లో ఏర్పాటైన ఈ వనంలో సముద్రమట్టానికి సుమారు రెండు వేల మీటర్ల ఎత్తున ఒక అడవి ఉంది. 1875లో అక్కడికి చేరిన ప్రకృతి పరిశీలకుడు జాన్ మ్యూర్ దానికి జెయింట్ ఫారెస్ట్, అంటే మహాకాయుల అడవి అని పేరు పెట్టాడు.

ఆ అడవిలో జనరల్ షెర్మన్ అనే సికోయా చెట్టు ఉంది. ఎత్తు 83.8 మీటర్లు, అంటే 275 అడుగులు. మొదట్లో దాని అడ్డుకొలత 11 మీటర్లు. ఒక్క మానులోనే 1,487 ఘనమీటర్ల కలప ఉంది. ఒంటి కాండం ఉన్న చెట్లలో భూమి మీద ఇంతకన్నా పెద్దది లేదు. దాని వయసు రెండు వేల ఏళ్లకు పైమాటే. మన నేల మీద శాతవాహనులు పాలించిన కాలానికే అది మొలిచి పెరుగుతోంది. ఎత్తులో దాన్ని మించినవి ఉత్తర కాలిఫోర్నియా సముద్ర తీరంలో ఉన్నాయి. అక్కడి రెడ్‌వుడ్ జాతి చెట్టు ఒకటి 2006లో బయటపడింది. హైపీరియన్ అని పేరు పెట్టిన ఆ చెట్టు ఎత్తు 115.9 మీటర్లు, అంటే 380 అడుగులు. ప్రాణంతో ఉన్న చెట్లలో ప్రపంచంలోకెల్లా పొడవైనది అదే.

వికారాబాద్ జిల్లా కుల్కచర్ల రైతుకు 380 అడుగుల దూరం కొత్తేమీ కాదు. మన మెట్ట ప్రాంతాల్లో అంత లోతుకు బోర్లు వేయించిన రైతులు ఊరూరా ఉన్నారు. ఆ లోతు నుంచి నీళ్లు పైకి రావాలంటే ఎన్ని హార్స్‌పవర్ మోటరు దింపాలో, కరెంటు ఎంత కాలుతుందో, మోటరు కాలిపోతే ఎంత ఖర్చో వాళ్లకు బాగా తెలుసు. హైపీరియన్‌కు మోటరూ లేదు, కరెంటూ లేదు, చప్పుడూ లేదు. అయినా చిటారు కొమ్మ మీది ఆకు పచ్చగానే ఉంది. ఆ నీళ్లు ఎలా ఎక్కుతున్నాయో తెలుసుకుంటే, అనంతగిరి గుట్టల మీది మద్దిచెట్టు అంత ఎత్తు ఎందుకు పెరగదో కూడా తెలుస్తుంది.

నోరు తెరిచి చూడడం దేనికి?

పెద్ద చెట్టు ముందు మనిషి మాట ఎందుకు ఆగిపోతుంది? 2003లో డేకర్ కెల్ట్నర్, జొనాథన్ హైట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ అబ్బురాన్ని పరిశీలించి, అందులో రెండు ముఖ్య లక్షణాలున్నాయని చెప్పారు. ఒకటి, మన కొలతకు అందని పెద్దతనం ఎదురుకావడం. రెండు, అప్పటిదాకా మన బుర్రలో ఉన్న లెక్క దానికి చాలక ఆ లెక్కనే మార్చుకోవలసి రావడం. చెట్టంటే ముప్పై, నలభై అడుగులని జీవితమంతా చూసిన కంటికి 275 అడుగుల మాను ఎదురైనప్పుడు జరిగేది ఈ రెండోదే.

కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం ఆవరణలో అరవై మీటర్లకు పైగా ఎదిగిన నీలగిరి చెట్ల తోపు ఉంది. పాల్ పిఫ్, ఆయన సహచరులు కొందరు విద్యార్థులను ఒక్క నిమిషం పాటు ఆ చెట్లను తలెత్తి చూడమన్నారు. మరికొందరిని అదే చోట నిలబెట్టి ఎదురుగా ఉన్న భవనాన్ని చూడమన్నారు. తర్వాత ఒక మనిషి పొరపాటున జారవిడిచినట్టు కలాలు కింద పడేశాడు. చెట్లను చూసినవాళ్లే ఎక్కువ కలాలు ఏరి ఇచ్చారు. 2015లో అచ్చయిన ఈ పరిశోధన నుంచి వాళ్లు తేల్చింది ఇది: గొప్పదాని ముందు నిలబడ్డప్పుడు మనిషికి తాను చిన్నవాడిననే ఎరుక కలుగుతుంది, ఆ ఎరుక వల్ల ఎదుటివాడి అవసరం ఎక్కువగా కంటికి ఆనుతుంది.

అబ్బురం నుంచే ప్రశ్న కూడా పుడుతుంది. ఫొటో దిగి వెనక్కి వచ్చేస్తే అబ్బురం అక్కడితో ఆగిపోతుంది. ‘ఎట్ల?’ అని అడిగితే అది విజ్ఞానానికి దారి తీస్తుంది. మనం ఆ దారిలోనే వెళదాం.

పది మీటర్ల దగ్గర ఆగిపోయే మోటరు

బావి గట్టు మీద మోటరు పెట్టుకున్న పాత రోజులు గుర్తున్న రైతుకు ఒక ఇబ్బంది బాగా తెలుసు. బావిలో నీళ్లు లోతుకు పోయేకొద్దీ మోటరు నీళ్లను గుంజలేకపోయేది. హార్స్‌పవర్ పెంచినా లాభం ఉండేది కాదు. అందుకే బావిలోపల దిమ్మె కట్టి మోటరును కిందికి దింపేవారు. నీళ్లు ఇంకా అడుగంటితే ఇంకా కిందికి దింపేవారు.

దీనికి కారణం మోటరులో లేదు, గాలిలో ఉంది. పైపులోని గాలిని మోటరు తీసేస్తే, బయట బావి నీళ్ల మీద ఒత్తుతున్న గాలి బరువే నీళ్లను పైపులోకి ఎక్కిస్తుంది. భూమి మీది గాలి ఒత్తిడికి ఉన్న బలం ఎంత? సుమారు 10.3 మీటర్ల నీటి స్తంభాన్ని నిలబెట్టేటంత. పైపులో గాలి పూర్తిగా లేకుండా చేసినా అంతకు మించి నీరు ఎక్కదు. ఆచరణలో ఏడెనిమిది మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. ఇటలీలో గెలీలియో కాలానికే బావులు తవ్వేవాళ్లకు ఈ హద్దు తెలుసు. 1640ల్లో టోరిచెల్లి దీనికి కారణం గాలి ఒత్తిడేనని చూపించాడు. బోర్లు వచ్చాక మనం ఈ హద్దును ఎలా దాటాం? సబ్‌మెర్సిబుల్ మోటరును నీళ్లలోనే ముంచాం. అది నీటిని పైనుంచి గుంజదు, కింద నుంచి నెడుతుంది.

కాబట్టి చెట్టు ముందున్న దారులు కూడా ఈ రెండే అనిపిస్తుంది. పైనుంచి గుంజితే పది మీటర్లు దాటకూడదు. అందువల్ల వేళ్లే సబ్‌మెర్సిబుల్ పని చేస్తూ ఉండాలి. శాస్త్రవేత్తలు కూడా మొదట ఆ దారినే వెతికారు.

వేరు నెడుతోందా? గొట్టం పీలుస్తోందా?

వేరుకు నెట్టే బలం కొంత ఉన్న మాట నిజం. తెల్లవారుజామున పొలంలో వరి ఆకు కొసన ముత్యంలా నిలిచిన నీటి బొట్టును చూసే ఉంటారు. అన్నిసార్లూ అది మంచు కాదు. రాత్రంతా వేరు నెట్టిన నీరు ఆకు కొస నుంచి బయటికి వచ్చి అలా నిలుస్తుంది. ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అనే ఆయన 1727లో అచ్చు వేసిన పుస్తకంలో ఈ వేరు ఒత్తిడిని కొలిచి చెప్పాడు. అయితే ఈ ఒత్తిడి మామూలుగా పది, ఇరవై మీటర్లకు మించి నీటిని ఎత్తలేదు. పైగా మిట్టమధ్యాహ్నం చెట్టుకు నీళ్లు ఎక్కువ కావలసిన వేళకే అది దాదాపు కనిపించకుండా పోతుంది. రెడ్‌వుడ్ లాంటి సూదాకు చెట్లలో అది మరీ తక్కువ.

సన్నని గొట్టం నీటిని దానంతటదే పైకి పీల్చుకుంటుంది కదా, దీపం వత్తిలోకి నూనె ఎక్కేది అలాగే కదా అని ఇంకొందరు అన్నారు. చాలా చెట్ల మానులో నీళ్లు నడిచే గొట్టాలు నిజంగానే వెంట్రుక కన్నా సన్నం. ఈ నీటి గొట్టాల కట్టకు వృక్షశాస్త్రంలో దారువు అని పేరు, జైలం అనేదీ దీన్నే. కానీ అంత సన్నని గొట్టం కూడా తన పీల్పుతో నీటిని ఒకటి రెండు మీటర్ల ఎత్తుకు మించి తీసుకుపోలేదు.

మరి మాను పొడుగునా ఉన్న జీవకణాలే నీటిని ఒకదాని నుంచి ఇంకోదానికి అందించుకుంటూ పోతున్నాయా? మన జగదీశ్ చంద్ర బోస్ అలాగే భావించాడు. మొక్క లోపలి జీవకణాలు ముడుచుకుంటూ విచ్చుకుంటూ నీటిని పైకి పంపుతాయని 1923లో ఒక పుస్తకమే రాశాడు. మొక్కల స్పందనలను కొలవడానికి ఆయన తయారుచేసిన పరికరాలు అప్పటి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచాయి. ఈ విషయంలో మాత్రం ఆయన ఆలోచన నిలవలేదు. ఎందుకంటే అంతకు ముందే జర్మనీలో ఎడ్వర్డ్ స్ట్రాస్‌బర్గర్ ఒక పరీక్ష చేసి ఉన్నాడు. 1890ల మొదట్లో ఆయన ఇరవై మీటర్లకు పైగా ఉన్న చెట్టును మొదట్లో కోసి, కోసిన చోటును విషద్రావణంలో ఉంచాడు. విషం మాను వెంట పైకి పోతూ దారిలోని జీవకణాలను చంపేసింది. అయినా ద్రావణం ఎక్కడం ఆగలేదు.

ఈ పరీక్షతో రెండు సంగతులు తేలాయి. వేళ్లు లేకపోయినా నీళ్లు ఎక్కుతున్నాయి. మానులో ప్రాణమున్న కణాలు చచ్చిపోయినా ఎక్కుతున్నాయి. కనక లాగే బలం వేరులో లేదు, మానులో లేదు. మిగిలింది ఆకు ఒక్కటే.

ఆకు నుంచి లాగేది ఎండ

1894లో డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీకి చెందిన హెన్రీ డిక్సన్, జాన్ జోలీ అనే ఇద్దరు స్నేహితులు ఈ చిక్కుముడి విప్పారు. ఒకరు వృక్షశాస్త్రవేత్త, ఇంకొకరు భౌతికశాస్త్రవేత్త. వాళ్ల వివరణను మెల్లగా చూద్దాం.

ఆకు తన తిండి తాను వండుకోవాలంటే గాలిలోని బొగ్గుపులుసు వాయువు కావాలి. దానికోసం ఆకు అడుగున కంటికి కనిపించని రంధ్రాలను తెరుస్తుంది. వాటిని పత్రరంధ్రాలంటారు. తలుపు తెరిస్తే గాలి లోపలికి వస్తుంది, లోపలి తేమ బయటికి పోతుంది. వేరు తాగిన నీటిలో నూటికి తొంభై అయిదు పాళ్లకు పైగా ఇలా ఆవిరైపోయేదే. బడి పుస్తకాల్లో దీన్నే బాష్పోత్సేకం అంటారు.

ఆకు లోపలి కణాల గోడల్లో మహా సన్నని సందులు ఉంటాయి. వాటిలో నీరు నిండి ఉంటుంది. ఎండకు అక్కడి నీరు ఆవిరయ్యేకొద్దీ మిగిలిన నీటి ఉపరితలం ఆ సందుల్లో లోపలికి వంగి, తన వెనకున్న నీటిని గట్టిగా లాగుతుంది. ఆ నీరు దాని వెనక ఉన్నదాన్ని లాగుతుంది. ఇలా ఆకు నుంచి కొమ్మకు, కొమ్మ నుంచి మానుకు, మాను నుంచి వేరుకు, చివరికి మట్టిలోని తడికి ఆ లాగుడు చేరుతుంది.

మరి పది మీటర్ల హద్దు సంగతేమిటి? గట్టు మీది మోటరు నిజానికి నీటిని పట్టుకుని లాగదు, గాలిని తీసేస్తుంది. నీళ్లను ఎక్కించే పని బయటి గాలిది. అందుకే గాలి బలానికి ఉన్న హద్దు మోటరుకూ ఉంది. చెట్టులో జరిగేది నిజమైన లాగుడు. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. కొళాయి అంచున బొట్టు వెంటనే రాలిపోకుండా వేలాడేది ఈ పట్టు వల్లనే. గొట్టంలో బుడగ అన్నది లేకుండా నీరు నిండుగా ఉంటే ఈ పట్టు ఊహకందనంత బలంగా ఉంటుంది. 1950లో లైమన్ బ్రిగ్స్ అనే శాస్త్రవేత్త శుభ్రమైన నీటిని సన్నని గాజుగొట్టంలో పెట్టి, మధ్యలో తెగేదాకా లాగి చూశాడు. గాలి ఒత్తిడికి 270 రెట్ల లాగుడు దాకా నీరు ఓర్చుకుంది. హైపీరియన్ కొస దాకా నీటిని నిలబెట్టడానికి పదకొండు రెట్లకు కాస్త పైన చాలు. గొట్టాల లోపలి ఒరిపిడిని కలుపుకున్నా ఇరవైకి అటూ ఇటూ సరిపోతుంది.

ఈ మాటను చాలాకాలం పాటు చాలామంది నమ్మలేదు. 1965లో పెర్ షోలాండర్ బృందం దీన్ని కొలిచి చూపించింది. ఎత్తయిన డగ్లస్ ఫర్ చెట్ల కొసన ఉన్న రెమ్మలను తుపాకీ పేల్పించి కింద పడేశారు. రెమ్మ తెగగానే దాని గొట్టాల్లోని నీరు లోపలికి ముడుచుకుపోతుంది. ఆ రెమ్మను ఒక ఉక్కు గదిలో బిగించి, కోసిన కొస మాత్రం బయటికి ఉంచి, లోపల గాలి ఒత్తిడి పెంచుతూ పోయారు. కోసిన చోట నీరు మళ్లీ కనిపించిన క్షణాన ఉన్న ఒత్తిడి ఎంతో, చెట్టు మీద ఉన్నప్పుడు ఆ నీటి మీది లాగుడు అంత. పైకి వెళ్లేకొద్దీ లాగుడు ఎక్కువ కావడం అందులో తేలింది.

ఈ పనికి ఖర్చెంతో రైతు లెక్కలోనే చూద్దాం. పెద్ద సికోయా చెట్టు వేసవిలో ఒక్క రోజుకు రెండు వేల లీటర్లకు పైగా నీరు తాగుతుంది. అంత నీటిని 80 మీటర్ల ఎత్తుకు తీసుకుపోవడానికి కావలసిన శక్తి అర యూనిట్ కరెంటు కూడా కాదు. కానీ అదే రెండు వేల లీటర్లను ఆకుల్లో ఆవిరి చేయడానికి 1,300 యూనిట్లకు పైగా కావాలి. ఆ బిల్లు మొత్తం సూర్యుడు కడుతున్నాడు. ఎండ నీటిని ఆవిరి చేస్తుంటే, ఆ పనిలో రవ్వంత భాగం నీటిని పైకి చేరుస్తోంది. చెట్టు తన ఒంట్లో పుట్టిన శక్తిని దీనికి ఖర్చు పెట్టడం లేదు.

గాలి గుంజితే చెట్టుకూ కష్టమే

గట్టు మీది మోటరు నడిపినవాళ్లకు ఇంకో బాధ తెలుసు. పైపులో ఎక్కడో చిన్న చిల్లు పడితే మోటరు గాలి గుంజుతుంది. నీటి ధార తెగిపోతుంది. మళ్లీ నీళ్లు పోసి పైపు నింపితే గానీ మోటరు అందుకోదు. చెట్టుకూ ఇదే ఆపద ఉంది. నేల ఎండి, ఎండ మండి, లాగుడు మితిమీరితే పక్కనున్న ఏదో సందులోంచి గాలి బుడగ గొట్టంలోకి చొరబడుతుంది. లాగుడులో ఉన్న నీటి తీగ ఠప్పున తెగుతుంది. ఆ గొట్టం ఇక పనికిరాదు.

1966లో మిల్బర్న్, జాన్సన్ అనే ఇద్దరు ఈ తెగే చప్పుడును యంత్రంతో విన్నారు. వాళ్లు పరీక్షించిన మొక్క మన ఆముదం. మన మెట్ట పొలాల్లో వానల కోసం చూస్తూ వడిలిన ఆముదపు ఆకులో నీటి తీగలు ఒక్కొక్కటే తెగుతూ ఉంటాయి. ఆ చప్పుడు మన చెవికి అందదు.

కొమ్మ నరికితే నీళ్లు ఎందుకు చిమ్మవో కూడా దీంతో తెలుస్తుంది. ఇంటి కొళాయి పైపులో నీరు లోపలి నుంచి నెట్టబడుతూ ఉంటుంది, కోస్తే చిమ్ముతుంది. చెట్టు గొట్టంలో నీరు లాగబడుతూ ఉంటుంది, కోస్తే నీరు లోపలికి పోయి ఆ చోటుకు గాలి వస్తుంది. కోసిన పూలకాడను నీళ్లలో ముంచి, నీళ్ల లోపలే కొసను ఇంకోసారి కత్తిరిస్తే పూలు ఎక్కువ సేపు నిలిచేది ఇందుకే. తాటిచెట్టుకు గెల కోస్తే కల్లు కారుతుంది కదా అంటారేమో. అది వేరే దారి. ఆకు వండిన తీపిరసాన్ని మోసుకుపోయే ఆ గొట్టాల్లో రసం ఒత్తిడితో నడుస్తుంది. గీత కార్మికుడు తెరిచేది ఆ దారిని.

గాలి బుడగ ఒక గొట్టం నుంచి ఇంకో గొట్టానికి పాకకుండా చెట్టు మధ్యమధ్య సన్నని తెరలు పెట్టుకుంది. సికోయా, రెడ్‌వుడ్ లాంటి చెట్లలో గొట్టాలు మరీ సన్నం, ఒక్కోటి కొన్ని మిల్లీమీటర్ల పొడవే. నీరు మెల్లగా నడుస్తుంది కానీ ఒక గొట్టం పోయినా నష్టం చిన్నది. టేకు తీరు వేరు. టేకు దుంగను అడ్డంగా కోసి చూస్తే కంటికే రంధ్రాల వరసలు కనిపిస్తాయి. అంత వెడల్పు గొట్టాల్లో నీరు వేగంగా పరుగెత్తుతుంది కాబట్టి వానాకాలంలో టేకు గబగబా పెరుగుతుంది. కానీ నీళ్లకు కరువు వస్తే అంత వెడల్పు గొట్టాలకే ముప్పు ఎక్కువ.

చెట్టు ఎక్కడ ఆగుతుంది?

ఎండ ఖర్చు భరిస్తుంటే చెట్టు ఇంకా ఇంకా ఎందుకు పెరగదు? 2004లో జార్జ్ కోచ్ బృందం తాళ్ల సాయంతో రెడ్‌వుడ్ చెట్ల కొస దాకా ఎక్కి ఈ సంగతి చూసింది. అడుగు కొమ్మల ఆకులు వెడల్పుగా, పరుచుకుని ఉన్నాయి. పైకి పోయేకొద్దీ ఆకులు చిన్నవై, దళసరై, చివరికి కాడకు అంటుకున్న పొలుసుల్లా మిగిలాయి. కొసన నీటి మీది లాగుడు గాలి ఒత్తిడికి దాదాపు పద్దెనిమిది రెట్లు ఉంది. అంత లాగుడులో కొత్త ఆకు కణాలు నీటితో ఉబ్బి పెద్దవి కాలేవు. ధార తెగకుండా చూసుకోవడానికి ఆకు తన రంధ్రాలను కాస్త మూసుకోవాలి, మూసుకుంటే తిండి తక్కువవుతుంది. మొదట్లో వేళ్ల చుట్టూ నేల ఎంత తడిగా ఉన్నా చెట్టు కొసన మాత్రం కరువే. ఈ కొలతల ప్రకారం చెట్టు ఎత్తుకు హద్దు 122 నుంచి 130 మీటర్ల మధ్య ఉంటుందని వాళ్లు లెక్కగట్టారు.

ఆ హద్దుకు దగ్గరగా వెళ్లాలన్నా కొన్ని వసతులు కావాలి. తీరంలోని రెడ్‌వుడ్‌లకు వేసవిలో సముద్రపు పొగమంచు తోడు. ఆ అడవికి ఏడాదిలో అందే నీటిలో మూడో వంతు దాకా పొగమంచు నుంచే వస్తుందని 1998లో టాడ్ డాసన్ కొలిచాడు. అక్కడి ఆకులు పొగమంచు తడిని నేరుగా పీల్చుకుంటాయి కూడా. సియెర్రా కొండల మీది సికోయాలకు వేసవిలో వాన దాదాపు ఉండదు. శీతాకాలమంతా కురిసిన మంచు మెల్లగా కరిగి నేలలోకి ఇంకుతూ వాటిని బతికిస్తుంది. మహావృక్షాల అడవులు ఎక్కువగా కొండల మీదా, చల్లని తీరాల్లోనూ ఉండడానికి కారణం ఇదే. టిబెట్‌లోని యార్లుంగ్ త్సాంగ్పో లోయలో 2023లో కొలిచిన సైప్రస్ చెట్టు 102 మీటర్లు. బోర్నియోలోని మెనారా అనే చెట్టు 100 మీటర్లు దాటింది. టాస్మేనియాలో వంద మీటర్లు దాటిన సెంచూరియన్ మన జామాయిల్‌కు చుట్టమే. ఈ చెట్లన్నీ నీళ్లకు కరువు లేని చోట్లే పెరిగాయి.

మన చెట్ల లెక్క

ఇప్పుడు అనంతగిరికి వద్దాం. మూసీ నది పుట్టిన ఈ గుట్టల మీద, వికారాబాద్ నుంచి కుల్కచర్ల దాకా ఉన్న అడవి ముక్కల్లో టేకు, నల్లమద్ది, చిరుమాను, మోదుగ, ఇప్ప, సీతాఫలం చెట్లు కనిపిస్తాయి. ఏడాది వానలో ఎక్కువ పాలు జూన్ నుంచి సెప్టెంబరు లోపలే పడిపోతుంది. మిగిలిన ఎనిమిది నెలలు చెట్టు నేలలో మిగిలిన తడితోనే గడపాలి. ఏప్రిల్, మే నెలల్లో గాలి మంటలా ఉంటుంది. ఆ గాలికి ఆకులు విప్పితే నీటి తీగలు తెగిపోయే ముప్పు ఎక్కువ.

అందుకే మన చెట్లు చేసే పని ఆకు రాల్చడం. ఆకు లేకపోతే లాగుడు లేదు, లాగుడు లేకపోతే ధార తెగే భయం లేదు. ఎండిపోయినట్టు కనిపించే మే నెల టేకు చెట్టు నిజానికి తన గొట్టాలను కాపాడుకుంటోంది. నల్లమద్ది ఇంకో ఉపాయం కూడా నేర్చింది. అది కాండంలో నీరు దాచుకుంటుంది. పాపికొండల అడవిలో కొండరెడ్లు తరతరాలుగా ఎరిగిన ఈ సంగతిని 2024 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అటవీ సిబ్బంది పరీక్షించారు. ఒక నల్లమద్ది బెరడును కోయగానే నీళ్లు ధారగా వచ్చాయి. అది చెట్టు వేసవికి దాచుకున్న సొంత నిల్వ. వినోదం కోసం దాన్ని కోయడం చెట్టుకు హాని.

మర్రిచెట్టు మరో దారి పట్టింది. కుల్కచర్లకు దక్షిణాన, మహబూబ్‌నగర్ పక్కనున్న పిల్లలమర్రి ఏడు వందల ఏళ్ల నాటిదని చెబుతారు. మూడు ఎకరాలకు పైగా అల్లుకుంది. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను అంతకన్నా విశాలమైనది. అది 1989లో గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. మర్రి ఎత్తుకు పోదు, అడ్డంగా పోతుంది. కొమ్మ దూరం పోయేకొద్దీ ఊడ దింపుతుంది. ఊడ నేలలో నాటుకుందంటే ఆ కొమ్మకు తన కిందే కొత్త నీటి దారి దొరికినట్టు. మొదటి మాను నుంచి అంత దూరం నీరు మోయవలసిన అవసరం తప్పుతుంది. మెట్ట నేలలో మహావృక్షం కావడానికి ఇంతకన్నా తెలివైన మార్గం లేదు.

సికోయా ఎత్తుకు ఎదిగింది, మర్రి విస్తరించింది, మద్ది దాచుకుంది, టేకు ఆకు రాల్చింది. ఒక్కో చెట్టు తనకు దొరికే నీటిని బట్టి, తన గొట్టాల బలాన్ని బట్టి ఒక లెక్క కట్టుకుంది. కాలిఫోర్నియాలో 275 అడుగుల చెట్టు ఎంత అబ్బురమో, ఎనిమిది నెలలు పెద్దగా వాన లేని గుట్ట మీద యాభై అడుగులు ఎదిగిన నల్లమద్ది కూడా అంతే అబ్బురం.

పెద్ద చెట్టుకూ పెద్ద ముప్పు

ఇంత గట్టి ఏర్పాటు కూడా దెబ్బతింటోంది. రెండడుగుల మందం దాకా పెరిగే బెరడుతో వేల ఏళ్లు మంటలను తట్టుకున్న సికోయాలు 2020, 2021 సంవత్సరాల కార్చిచ్చుల్లో వేల సంఖ్యలో చచ్చిపోయాయి. ప్రపంచంలోని పెద్ద సికోయాల్లో 13 నుంచి 19 శాతం ఆ రెండేళ్లలోనే పోయాయని అంచనా. 2021లో జనరల్ షెర్మన్ మొదలుకు అల్యూమినియం రేకు చుట్టి కాపాడుకోవలసి వచ్చింది. తీరంలో పాత రెడ్‌వుడ్ అడవి నూటికి అయిదు పాళ్లే మిగిలింది. మిగతాదంతా గొడ్డలికి, రంపానికి పోయింది.

మన దగ్గర పిల్లలమర్రికి చెదలు పట్టి 2017 చివర్లో ఒక పెద్ద భాగం కూలింది. మరుసటి ఏడాది దానికి సెలైన్ సీసాలతో మందు ఎక్కించి, ఊడలకు ఆసరాలు పెట్టి బతికించుకున్నారు. వికారాబాద్ జిల్లాలోనే పూడూరు మండలం దామగుండం అడవిలో దాదాపు 2,900 ఎకరాలు నౌకాదళ రేడియో కేంద్రానికి కేటాయించగా, 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. అడవిని తీసేటప్పుడు ఎన్ని చెట్లు పోతాయని లెక్కపెడతారు. ఎన్ని తరాల వేళ్లు తెరిచిన నీటి దారులు పోతాయన్నది కూడా ఆ లెక్కలో చేరాలి. వేళ్లు నేలను గుల్ల చేసి వాననీటిని లోపలికి పంపుతాయి. నీడ ఆ తడిని కాపాడుతుంది. అనంతగిరిలో ఇంకిన వానే మూసీకి మొదటి చుక్క. వేరేచోట నాటిన మొక్కలు ఈ పని అందుకోవడానికి కొన్ని పదుల ఏళ్లు పడుతుంది.

మహావృక్షాల అడవి చూసే అవకాశం వస్తే తప్పక చూడండి, మెడ నొప్పి పుట్టేదాకా చూడండి. ఆ అవకాశం రానివాళ్లు వేసవిలో ఒకసారి అనంతగిరికో, కుల్కచర్ల దగ్గరి పాంబండ గుట్టకో వెళ్లండి. పిల్లలను వెంట తీసుకెళ్లి, ఆకు లేని చెట్టు చచ్చినది కాదని చెప్పండి. ఎండుటాకులకు నిప్పు పెట్టకండి, పెట్టనివ్వకండి. మద్ది బెరడు కోయకండి. చేను గట్టున మొక్క నాటేటప్పుడు మన వానకు సరిపడే వేపో, చింతో, మద్దో, ఇప్పో ఎంచుకోండి. బోరు వేయడానికి ముందు ఎంత లెక్క చూస్తామో, చెట్టు నరకడానికి ముందు అంతకన్నా ఎక్కువ లెక్క చూడాలి. కరెంటు బిల్లు లేకుండా, రిపేరు లేకుండా వందల ఏళ్లు నడిచే నీటి ఏర్పాటు చెట్టు ఒక్కటే.